యాదమ్మ పెంటకుప్ప

నిన్న పొద్దున బాల్కనీలో పీట వేసుకుని కూర్చుని ఎరువు ప్యాకెట్టు కత్తిరించాను. ఫోనులో నొక్కిన పది నిమిషాలకు గుమ్మం ముందు వాలిన సంచి అది. మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ, మూతికి జిప్పు, లోపల మెత్తని నల్లటి పొడి. ముక్కుకు ఆనించుకుని గట్టిగా పీల్చాను. ఏ వాసనా లేదు. తడిసి ఆరిన వార్తాపత్రికకైనా తనదంటూ ఒక వాసన ఉంటుంది, దీనికి అదీ లేదు. గుప్పెట్లోకి తీసుకుని పిసికితే ముద్ద కట్టలేదు, వేళ్ల సందుల్లోంచి చల్లగా జారిపోయింది. వంటింట్లోంచి మా ఆవిడ సుజాత తొంగి చూసి, "ఏం సామీ, ఎరువు కంపు కొట్టలేదని దిగులుపడే మనిషిని నిన్నే చూస్తాండా" అంది. నిజమే, నాకు దిగులుగానే ఉంది. మంచి ఎరువు ఎలా ఉండాలో నా ముక్కుకూ వేళ్లకూ తెలుసు. తొలకరి పడిన సాయంత్రం నేల వాసన, దాని కింద సన్నగా పుల్లమజ్జిగ వాసన, ఇంకా కింద ఎక్కడో ఎండిన కానుగాకు వాసన. ఆ మూడూ కలిసిన వాసన నాకు తెలిసి ఒక్కచోటే ఉండేది. మా అపార్ట్‌మెంటు వెనక, జనరేటర్ గది పక్కన, యాదమ్మ పెంటకుప్పలో. ఆ చోట ఇప్పుడు బూడిదరంగు పలకలు పరిచి ఉన్నాయి. వాటి మీద రెండు కార్లు పడతాయి. అందులో ఒకటి నాది.

యాదమ్మ గురించి చెప్పే ముందు నా గురించి ఒక మాట చెప్పకపోతే మోసం అవుతుంది. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పే అలవాటు నాకు లేదు. చిన్నప్పుడు ప్రొద్దుటూరులో మా వీధి పిల్లలకు, పెన్నలో మొసలి నా ఈలకు లేచి వస్తుందని చెప్పాను. నలుగురు పిల్లలు సాయంత్రం దాకా ఏటి ఒడ్డున కూర్చుని ఈలలు వేసి పెదాలు వాచి ఇళ్లకు పోయారు. పెద్దయ్యాక అదే విద్యతో హైటెక్ సిటీలో ఇరవై రెండేళ్లు అన్నం తిన్నాను. ఇంకా ఒక్క ముక్కా రాయని సాఫ్ట్‌వేర్‌ను రాసేసినట్టు బొమ్మలు వేసి క్లయింట్లకు చూపించడం నా పని. అక్కడ దాన్ని అబద్ధం అనరు, దానికొక శాఖ ఉంటుంది, శాఖకొక అధిపతి ఉంటాడు, ఆ అధిపతిని నేనే. కాబట్టి ఇందులో ఎక్కడైనా నా నోరు జారి పెద్ద మాట పడితే నేనే పట్టుకుని సరిచేస్తాను. యాదమ్మ విషయంలో ఒకసారి జారింది, చాలు.

మా అపార్ట్‌మెంటు కొండాపూర్‌లో, పెద్ద రోడ్డు నుంచి రెండు సందులు లోపలికి ఉంటుంది. ఆ నేల యాదమ్మ వాళ్లది. పదెకరాల పొలం, ఇరవై బర్రెలు... కాదు. ఒక ఇల్లు, రెండు బర్రెలు కట్టే కొట్టం, బావి, కొంచెం కూరగాయల మడి. భర్త పోయాక కొడుకు ఆ జాగాను బిల్డర్‌కు ఇచ్చాడు. వాళ్ల వాటాకు వచ్చిన ఫ్లాట్లలో కింది అంతస్తుదాంట్లో కొడుకూ కోడలితో యాదమ్మ ఉండేది. వేలిముద్ర వేసే రోజు ఆమె బిల్డర్‌ను ఒక్కటే అడిగింది. వెనక మూల కానుగ చెట్టు కింద, తన అత్త కాలం నుంచి ఉన్న పెంటకుప్పను కదిలించొద్దని. పెంటకుప్ప అంటే మా సీమవైపు దిబ్బ అంటాం, పేడా చెత్తా వేసి ఎరువు చేసుకునే చోటు. "గదెంత పని అమ్మా, అది నీదే" అని బిల్డర్ నవ్వాడట. కాగితం మీద మాత్రం రాయలేదు. ఇల్లు కూలింది, కొట్టం పోయింది, బావి పూడింది, మడి ఉన్నచోట లిఫ్టు లేచింది. కుప్ప మిగిలింది. పేడ దొరకని ఆ కుప్పకు యాదమ్మ అరవై వంటిళ్ల తొక్కలు అలవాటు చేసింది. రోజూ పొద్దున్నే నీలం టబ్బు పట్టుకుని లిఫ్టు పక్కన నిలబడేది. చెత్త సంచితో ఎవరు దిగినా ఆపి, సంచి విప్పించి, ఉల్లిపొట్టు, అరటితొక్క, వడకట్టిన టీ పొడి, వాడిన పూలు ఏరుకునేది. "గది నాకియ్యి, మిగిలింది బండికియ్యి" అనేది. ఒకప్పుడు ఆ నేలంతా తనదైన మనిషి మా ఇంటి బీరకాయ చెక్కు కోసం చెయ్యి చాచి నిలబడడం చూసి కొత్తగా వచ్చినవాళ్లు ఆమెను పనిమనిషి అనుకునేవాళ్లు. ఆమె ఎవరినీ సరిదిద్దలేదు.

నేను ఆమెకు శిష్యుణ్ని అయింది గౌరవంతో కాదు, దాక్కోవడానికి చోటు లేక. నలభై ఏడో ఏట మా కంపెనీ నన్ను ఒక వీడియో కాల్‌లో పంపించేసింది. నేను చాయ్ పూర్తిచేసే లోపల ఇరవై రెండేళ్లు పూర్తయిపోయాయి. సుజాతకు చెప్పలేదు. ఎప్పటిలాగే ఎనిమిదిన్నరకు ల్యాప్‌టాప్ సంచి తగిలించుకుని బయల్దేరేవాణ్ని. ల్యాప్‌టాప్ వాళ్లు వాపసు తీసుకున్నారు కాబట్టి, సంచి బరువుగా కనిపించాలని లోపల ఒక పాత నిఘంటువు పెట్టుకున్నాను. మూడు రోజులు మియాపూర్‌లో మెట్రో ఎక్కి ఆ చివరికీ ఈ చివరికీ తిరిగాను. నాలుగో రోజు ఆ ఓపిక కూడా లేక, గేటు దాటినట్టే దాటి, ప్రహరీ చుట్టూ తిరిగి, వెనక చిన్న గేటులోంచి జనరేటర్ గది వెనక్కి వచ్చి సిమెంటు దిమ్మె మీద కూర్చున్నాను. యాదమ్మ పారతో కుప్ప తిరగేస్తోంది. నన్ను చూసి పని ఆపలేదు.

"ఏంది కడప సారూ, ఆఫీసు గీడికి మార్చిండ్రా?"

నా నోరు నాకన్నా ముందు లేచింది. "అవునమ్మా, కొత్త ప్రాజెక్టు. అమెరికావాళ్లకు మట్టి మీద సాఫ్ట్‌వేర్ కావాలంట. ఎరువు ఎట్ల తయారవుతుందో చూసి రాసి పంపాలి. రహస్యం. మా ఇంట్లో కూడా చెప్పగూడదు."

"అట్లనా!" అంది యాదమ్మ, కళ్లు పెద్దవి చేసి. "అయితే రాస్కో మరి. ముందుగాల చెయ్యి వెట్టి చూడు."

"ఎక్కడ?"

"కుప్పల. మోచేయి దాంక."

చొక్కా చెయ్యి మడిచి వేళ్లు దించాను. పైన పొడి ఆకు గలగలమంది, కింద తడి తగిలింది, ఇంకొంచెం కిందికి పోయేసరికి ఒక్కసారిగా వేడి. కాగే నీళ్లలో పెట్టినట్టు చెయ్యి లాక్కున్నాను. యాదమ్మ పార కర్ర మీద గడ్డం ఆనించి నవ్వింది.

"ఎట్లున్నది?"

"కాలుతోందమ్మా!"

"పొయ్యి లేదు, మంట లేదు. మనం తిని పారేసిన పొట్టే. లోపట దాని పని అది చేస్కుంటున్నది. నీ అమెరికావోనికి గిది రాయి." మళ్లీ పార దించుతూ, నా వైపు చూడకుండానే అడిగింది. "నౌకరి ఎన్నడు వోయింది బిడ్డా?"

నాకు మాట రాలేదు. పుట్టి బుద్ధెరిగాక అది మొదటిసారి. ఇది పెంచి చెప్పడం కాదు.

ఆ తరవాత ఆమె ఆ ప్రశ్న మళ్లీ ఎత్తలేదు. ఓదార్చలేదు, అందరికీ వచ్చేదే అనలేదు, ఇంట్లో చెప్పమని కూడా అనలేదు. పార చేతికిచ్చింది. నేను ఏదో చెప్పబోతే వినేది కాదు. "నేనొక నోటిమాట నమ్మిన బిడ్డా. గా బిల్డరు మంచిగనే మాట్లాడిండు, మంచోడే గూడ. కని అప్పటిసంది ఎవరేం జెప్పినా నాకు పట్టదు. చెయ్యి వెట్టి చూస్తెనే నాకు తెలుస్తది" అనేది. అది ఆమె పని పద్ధతి. కుప్ప తడి సరిపోయిందా అంటే గుప్పెడు తీసి పిసకాలి. "లడ్డు లెక్క నిలవడాలె, నీళ్లు కారొద్దు." వేడి ఉందా అంటే చెయ్యి దించాలి. చల్లబడితే తిరగెయ్యాలి. మాగిందా అంటే వాసన చూడాలి. పన్నెండు రంగుల పటాలు వేసి కూడా నేను క్లయింట్లకు చెప్పలేకపోయిన సంగతులు ఆమె నా అరచేతిలో పెట్టి చెప్పేది. మా వెనక జనరేటరు రొద పెడుతుంటే, ప్రహరీ అవతల అద్దాల భవనాల్లోకి క్యాబులు మనుషుల్ని దింపుతుంటే, నేను చొక్కా విప్పి పక్కన పెట్టి బనియనుతో ఎండుటాకులు తొక్కేవాణ్ని. సాయంత్రం ఆరున్నరకు కొళాయి దగ్గర చేతులు కడుక్కుని, చొక్కా తొడుక్కుని, ట్రాఫిక్‌ను తిడుతూ ఇంటికి వెళ్లేవాణ్ని.

ఒకసారి చాలా పెద్ద తప్పు చేశాను. వినాయక చవితికి అపార్ట్‌మెంటులో వండిన సాంబారన్నం ఒక గంగాళం మిగిలిపోతే, యాదమ్మను సంతోషపెడదామని ఎవరికీ చెప్పకుండా కుప్ప మీద కుమ్మరించాను. మూడో రోజుకు కంపు రెండో అంతస్తు దాకా ఎక్కింది. తిడుతుందనుకున్నాను. తిట్టకుండా నన్ను కుప్ప పక్కన గొంతుక్కూర్చోబెట్టింది.

"ముక్కు మూస్కోకు. మంచిగ వాసన జూడు. ఏమైందో చెప్పు."

"కుళ్లిందమ్మా."

"ఎందుకు కుళ్లింది? తడి మీద తడి వోసినవ్. ఊపిరాడతలేదు దానికి." నా వైపు తిరిగి, "నీ లెక్కనే" అంది. "ఎవ్వలికి జెప్పవాయె, గాలి తలగనియ్యవాయె. లేలే, ఎండుటాకు తేపో."

అంత ఎండుటాకు ఎక్కడ దొరుకుతుంది? కానుగ కింద రాలింది ఏ మూలకూ చాలదు. రోడ్ల పక్కన ఊడ్చి కుప్పలు పోసిన చోట. ఎందులో తేవాలి? నా దగ్గరున్నది ఒక్కటే సంచి. నిఘంటువును జనరేటర్ గదిలో దాచి, ల్యాప్‌టాప్ సంచి నిండా బాదం ఆకులూ కానుగాకులూ కూరుకుని, మెడలో పాత కంపెనీ గుర్తింపుకార్డు పట్టీతో సహా నడిచివచ్చేవాణ్ని. రోజుకు నాలుగు సంచులు. వారంలో కంపు పోయింది. పది రోజులకు చెయ్యి పెడితే మళ్లీ వేడి తగిలింది. ఆ వేడి తగిలినప్పుడు నాకు కలిగిన సంతోషం ఏ క్లయింటు సంతకం పెట్టినప్పుడూ కలగలేదు.

ఆ ఆకులే నన్ను పట్టించాయి. ఒక సాయంత్రం సుజాత ఛార్జర్ కోసం సంచి తెరిచి, చెయ్యి పెట్టి, గుప్పెడు ఆకులు బయటికి తీసింది.

"ఏందిది? నువ్వు ఆపీసుకు పోతాండావా, మేకల్ని కాయను పోతాండావా?"

కథ నా నాలుక చివర తయారుగానే ఉంది. ఆఫీసులో పర్యావరణ వారం, ప్రతి ఉద్యోగీ ఒక సంచి ఆకులు తేవాలి. మొదటి మాట బయటికి వచ్చింది కూడా. అంతలో నా గోళ్ల కింద నల్లటి మట్టి నాకే కనిపించింది. నోరు మూసుకుని సుజాత మణికట్టు పట్టుకుని కిందికి తీసుకువెళ్లాను. యాదమ్మ అక్కడే ఉంది. మమ్మల్ని చూసి ఏమీ అనకుండా పక్కకు జరిగింది. సుజాత చెయ్యి కుప్ప అంచులో వెచ్చగా ఉన్నచోటికి దించి, "నాలుగు నెలల నుంచి నా ఆపీసు ఇదే. ఉద్యోగం పోయింది" అన్నాను. ఆమె చెయ్యి తీయలేదు. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, "ముందే చెప్పింటే నేనూ వచ్చి కుచ్చునేదాన్ని గదా" అంది. ఆ మర్నాటి నుంచి నేను ఇంట్లోంచి తిన్నగా, దాపరికం లేకుండా, నిక్కరు వేసుకుని కుప్ప దగ్గరికి వెళ్లాను. ఇంకో ఐదు నెలలకు పాతదాంట్లో సగం హోదా ఉన్న చిన్న ఉద్యోగం దొరికింది. ఆదివారాలు మాత్రం యాదమ్మవే.

ఇక్కడితో ఆపగలిగితే ఎంత బాగుండేది.

ఆ తరవాత వచ్చిన చలికాలంలో ఒక ఆదివారం, కాఫీ గ్లాసులు పట్టుకుని నలుగురు పక్కింటివాళ్లు కుప్ప దగ్గరికి వచ్చారు. లోపల గుడ్డు ఉడుకుతుందా ఉడకదా అని పందెం. యాదమ్మ నవ్వుతూ ఒక కోడిగుడ్డును గుడ్డలో చుట్టి మధ్యలో పాతింది. సాయంత్రం తీస్తే తెల్లసొన చిక్కబడింది, పచ్చసొన అలాగే ఉంది. సగం ఉడికిన గుడ్డు. జరిగింది అంతే. కానీ నలుగురు శ్రోతలు, చేతిలో గ్లాసు, పక్కన ఆవిరి కక్కే కుప్ప ఉంటే నేను అంతటితో వదిలే మనిషిని కాను. పైగా యాదమ్మ కుప్ప ఎంత గొప్పదో వాళ్లకు తెలియాలని నాకు ఉబలాటం. "ఇదేం చూశారు! మియాపూర్ అవతల ఒక అపార్ట్‌మెంటులో ఇలాంటి కుప్పనే మూడు నెలలు తిరగెయ్యకుండా వదిలేశారు. లోపల గ్యాసు పట్టింది. ఒకాయన పక్కన నిలబడి బీడీ వెలిగించాడు. ఢాం! పక్కనున్న కారు లేచి రెండో అంతస్తు బాల్కనీలో కూర్చుంది. ఇప్పటికీ దించలేదు. ఆ ఇంటాయన పొద్దున్నే అందులో కూర్చుని పేపరు చదువుకుంటాడు" అన్నాను. నలుగురూ పగలబడి నవ్వారు. యాదమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. "ఇగ ఆపు సారూ, సస్తా" అంది.

మూడు వారాల తరవాత ఆ కథ మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులోకి తిరిగి వచ్చింది. ఎక్కడెక్కడ తిరిగిందో, ఒళ్లు చేసి వచ్చింది. బాల్కనీలో కారు లేదు. దాని బదులు ఇద్దరికి గాయాలు, ఒక శాస్త్రవేత్త హెచ్చరిక, మూడు ఎర్ర గుర్తులు, మీ పిల్లల క్షేమం కోసం అందరికీ పంపండి అన్న వేడుకోలు. బీడీ మాత్రం అలాగే ఉంది. ఆ బీడీని చూసి నా బిడ్డను నేను గుర్తుపట్టాను. ఇది నేను కట్టిన కథ, నమ్మకండి అని ఆ నిమిషమే రాసి ఉండవచ్చు. రాశాను, చెరిపేశాను, మళ్లీ రాశాను. పదిమందిలో పలచన అవుతానని ఒక జంకు. దానికన్నా చెప్పుకోలేనిది ఇంకొకటి ఉంది. నా కథ అంత దూరం పోయి అంత పెద్దదై వచ్చినందుకు లోపల ఎక్కడో మురిసిపోయాను. ఆ మురిపెంలో మూడు రోజులు ఊరుకున్నాను. నాలుగో రోజు సెక్రటరీ మోహన్‌రావు గారు మీటింగు పెట్టారు.

సెల్లారులో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. యాదమ్మ ముందు వరుసలో, ఉతికిన చీర కట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కొడుకు రాలేదు. మోహన్‌రావు గారు చెడ్డ మనిషి కాదు. ఆయన భయం నిజమైన భయం.

"ఇది ఎవరి మీదా కక్ష కాదండి. యాదమ్మ గారంటే మా అందరికీ గౌరవమేనండి. కానీ పక్కనే జనరేటరు, డీజిలు. రేపేదన్నా జరిగితే ఎవరండీ బాధ్యులు? పైగా ప్లానులో అది కామన్ ఏరియా అనే ఉందండి. కుప్ప అని ఎక్కడా లేదు."

యాదమ్మ లేచింది. "బిల్డరు ఉంచుతనన్నడు సారూ."

"కాగితం ఉందామ్మా?"

"నోటితోని అన్నడు."

నేను లేచి నిలబడ్డాను. "మోహన్‌రావు గారూ, అలాంటి పేలుడు ఎక్కడా జరగలేదు. ఆ కథ కట్టింది నేను. ఇక్కడే, కుప్ప పక్కన నిలబడి, కాఫీ తాగుతూ కట్టాను. వీళ్లు నలుగురూ విన్నారు."

ముందు ఒకరు నవ్వారు, ఆ పక్కవారు నవ్వారు, సెల్లారంతా నవ్వింది. ఆ నలుగురిలో ఒకాయన ఎంతో ప్రేమగా అన్నాడు. "కారు బాల్కనీ ఎక్కడం మీ కల్పన అని మాకు అప్పుడే తెలుసు సార్. కానీ అసలు ఏమీ లేకుండా మీరు మాత్రం ఎలా అల్లుతారు? ఇప్పుడు సైంటిస్టు కూడా చెప్పాడు కదా." మోహన్‌రావు గారు కళ్లు తుడుచుకుంటూ, "యాదమ్మ గారి మీద అభిమానంతో మీ నెత్తిన వేసుకుంటున్నారండి. మంచి మనసు మీది" అన్నారు. నేను ఒట్టు వేశాను. నా గొంతు వణికింది. గొంతు వణికించడం నాకు ఎంత బాగా వచ్చో వాళ్లందరికీ తెలుసు.

యాదమ్మ ఇంకా నిలబడే ఉంది. "సార్లూ, జర ఒక్కపారి వచ్చి చెయ్యి వెట్టి చూడుండ్రి. పేలేదైతే ముందుగాల నా చెయ్యే వోతది గద. కాపురానికొచ్చిన కాన్నుంచి వెడుతున్న." అడుగు అవతల మెట్లు. మెట్లెక్కి పాతిక అడుగులు వేస్తే కుప్ప. ఎవరూ లేవలేదు. కుప్ప తీసేయడానికి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమన్నారు. ఎత్తిన చేతులన్నీ నేను చూశాను. అందులో ఒక్కటి కూడా కుప్పలోకి దిగిన చెయ్యి కాదు.

అందరూ వెళ్లాక మెట్ల దగ్గర ఆమెను ఆపాను. "అమ్మా, నిజంగానే ఆ కథ నాది."

"ఎరుకే బిడ్డా. నేనాడనే ఉంటి గద, నవ్వితి గూడ."

"మరి మీటింగులో ఎందుకు చెప్పలేదు?"

"నువ్ జెప్తివి గద. నిన్నే నమ్మకపాయె, నన్ను నమ్ముతరా?" మెట్టు మీద చెయ్యి ఆనించి ఒక క్షణం ఊపిరి తీసుకుంది. "మంచిగ జెప్పినవ్ గాని ఆ కథ. నాక్కూడ జరసేపు నమ్మబుద్ధయింది."

తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్నేమో.

కుప్ప తవ్వడానికి వచ్చిన రోజు చలి ఎక్కువగా ఉంది. యంత్రం మొదటి పిడికిలి ఎత్తగానే లోపలి నుంచి తెల్లటి ఆవిరి బుసలు కొడుతూ లేచింది. చలిలో అన్నం గిన్నె మూత తీస్తే లేచే ఆవిరి లాంటిదే అది. కానీ బాల్కనీల్లోంచి ఫోనులు బయటికి వచ్చాయి. "గ్యాస్! గ్యాస్ చూడండి!" అని ఎవరో అరిచారు. యాదమ్మ యంత్రం పక్కకు పోయి, ఆ తెగిన కుప్పలోకి మోచేయి దాకా చెయ్యి పెట్టి, పైకెత్తి అందరికీ చూపించింది. "సూడుండ్రి, నా చెయ్యికేం గాలే, సూడుండ్రి" అంది. గ్రూపులోకి వచ్చిన వీడియోలో ఆమె మాట వినపడదు. పొగలో నిలబడి చెయ్యి ఊపుతున్న ఒక ముసలామె మాత్రం కనపడుతుంది. నా కథకు అంతకన్నా మంచి సాక్ష్యం నేను కూడా కల్పించలేకపోయేవాణ్ని. మధ్యాహ్నానికి నేల చదును అయింది. వారానికి పలకలు పడ్డాయి. పార్కింగు చోట్లకు చీట్లు తీస్తే ఒకటి నా పేరు మీద వచ్చింది. వద్దని రాసిచ్చాను. మీరు కాకపోతే ఇంకొకరు పెడతారు అన్నారు. పెట్టాను.

ఆ తరవాత కూడా కొన్నాళ్లు యాదమ్మ పొద్దున్నే నీలం టబ్బు పట్టుకుని లిఫ్టు పక్కకు వచ్చేది. సంచులతో దిగినవాళ్లు ఆమె పక్కనుంచి తిన్నగా చెత్త బండి దగ్గరికి పోయేవాళ్లు. తమ ఇంటి తొక్కలే టబ్బులో వేసుకుని ఎక్కడ పోయాలో తెలియక నిలబడేది. నేను ప్లాస్టిక్ డబ్బా ఒకటి కొని, దానికి చిల్లులు పెట్టి, మా బాల్కనీలో ఆమె నేర్పినట్టే ఆకూ పొట్టూ మజ్జిగా మన్నూ పొరలు పొరలుగా వేశాను. రెండు వారాలకు ఆమెను పైకి తీసుకొచ్చాను. డబ్బాలోకి చెయ్యి దించి కాసేపు కళ్లు మూసుకుంది.

"సల్లగున్నది."

"ఇంకో వారం చూద్దామమ్మా."

"కాదు బిడ్డా. గింత గింత ఉంటె వేడి వుట్టదు. కుప్ప గావాలె. అందరిది వడాలె." చేతికంటిన మన్ను దులుపుకుని, సుజాత ఇచ్చిన చాయ్ తాగి, లిఫ్టులో కిందికి పోయింది. మళ్లీ పైకి రాలేదు.

వానాకాలంలో ఆమెను దవాఖానలో చేర్చారు. చూడడానికి వెళ్లినప్పుడు చెయ్యి నా చేతిలో పెట్టింది. అరచెయ్యి మెత్తగా ఉంది. గోళ్లు తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. అన్నేళ్లలో ఆ గోళ్ల రంగు నాకు తెలియదు. వారానికి పోయింది. వయసు అన్నారు, ఊపిరితిత్తులు అన్నారు. కుప్ప పోయిన దిగులుతో పోయిందని చెబితే కథ బాగా కుదురుతుంది. కానీ అది నాకు తెలియదు. తెలియనిది చెప్పను.

పోయిన నెల లిఫ్టులో, ఐదో అంతస్తులోకి కొత్తగా కిరాయికి వచ్చిన అమ్మాయి, మెడలో ఆఫీసు పట్టీ సర్దుకుంటూ అడిగింది. "అంకుల్, ఇక్కడ వెనకాల ఎవరో ముసలామె చెత్త దాచిపెడితే గ్యాస్ పేలిందంట కదా? ఆమె అందులోనే చనిపోయిందంట. నిజమేనా?"

"ఎవరు చెప్పారమ్మా?"

"అందరూ అంటున్నారు. ఆ పలకలు అందుకే వేశారంట."

నేను చెప్పాను. పేలుడు లేదని, ఎవరూ అలా పోలేదని, కాఫీ గ్లాసు పట్టుకుని ఆ కథ కట్టింది నేనేనని, ఆమె పేరు యాదమ్మ అని, నువ్వు నిలబడ్డ ఈ లిఫ్టు ఆమె వంకాయ మడిలో ఉందని. అమ్మాయి కళ్లార్పకుండా విన్నది. ఐదో అంతస్తు వచ్చింది, తలుపు తెరుచుకుంది. "అంకుల్, మీరు భలే చెప్తారు! ఒక్క నిమిషం నిజమే అనుకున్నా" అని నవ్వుతూ దిగిపోయింది.

ఎవరు అడిగినా చెబుతూనే ఉన్నాను. చెబుతున్నప్పుడు నా గొంతు నాకే వినిపిస్తుంది. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతుంది, ఎక్కడ తగ్గాలో అక్కడ తగ్గుతుంది, చివరి మాటకు ముందు చిన్నగా ఊపిరి తీసుకుంటుంది. కారును రెండో అంతస్తు ఎక్కించింది ఆ గొంతే. యాదమ్మ దవాఖానలో, మంచం మీద, డెబ్బై దాటిన వయసులో పోయింది. ఆమె కుప్ప ఎవరికీ ఏ హానీ చేయలేదు. ఈ మాట చెప్పడానికి నా దగ్గర ఇంకో గొంతు లేదు.